చెరువు ఒడ్డున విశ్రాంతి

ధ్యాన భాగములు: మార్కు 6:30–46, లూకా 9:28–43



మన దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు పల్లెలనుండి బేల్దారి పనులకును ఉద్యోగములకును హైదరాబాదు, బెంగళూరు పట్టణములకు పోయిన బిడ్డలు అనేకులు కలరు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారు ఫోనులో పటములు చూపుదురు. వారిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడువారు కాశ్మీరులోని శ్రీనగరమునకు పోయి దాల్ సరస్సులో పడవ ఎక్కుదురు. అచ్చటికి సుమారు 30 మైళ్ల దూరమున గుల్‌మార్గ్ అను కొండ ఊరు కలదు. అచ్చట కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకొని మంచు వాలుమీద జారుదురు. ఆ ఆటను స్కీయింగ్ అందురు. ఇది నెలల ముందు అనుకొన్న ప్రయాణము కాదు. గురువారము తలంపు పుట్టును, శుక్రవారము రాత్రి మూట కట్టుదురు.

ఆ పటములు చూచి తండ్రి, "రెక్కలు ముక్కలు చేసుకొని సంపాదించినది తిరుగుళ్లపాలు చేస్తివా?" అని కోపపడును. తల్లి మాత్రము ఆ తెల్లని కొండవైపు కొంతసేపు చూచి, "అక్కడ బాగా చలిగా ఉంటదా నాయనా?" అని యడుగును. ఆమె పుట్టి పెరిగినది మొదలు పెండ్లికో చావుకో ఆసుపత్రికో తప్ప ఊరు విడిచిన స్త్రీ కాదు.

తండ్రి కోపము న్యాయమా? కుమారుని ప్రయాణము పాపమా? తల్లి అడిగిన ఆ చిన్న ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పవలెను? ఈ నెల మన ధ్యానమునకు వచ్చిన వాక్యభాగము ఈ మూడింటికిని దారి చూపుచున్నది. ఏలయనగా మన ప్రభువు సహా ఒక దినమున, ముందు ఏర్పాటేమియు లేకుండ, తన శిష్యులను వెంటబెట్టుకొని సరస్సు ఒడ్డున నున్న యొక ఊరివైపునకు విశ్రాంతికై బయలుదేరెను.

ఆ స్థలమును ముందు మనస్సున నిలుపుకొందము. గలిలయ సముద్రమని పేరేగాని అది ఉప్పునీటి సముద్రము కాదు, మంచినీటి సరస్సు. పొడవు సుమారు 13 మైళ్లు, వెడల్పు 8 మైళ్లు. అది సముద్రమట్టమునకు సుమారు 700 అడుగుల పల్లమున నున్నది. దానికి ఉత్తరముగా 40 మైళ్ల దూరమున హెర్మోను పర్వతము 9,200 అడుగులకు పైగా ఎత్తు లేచి నిలిచియున్నది. శీతకాలమున దాని శిఖరము మంచుతో కప్పబడును. ఆ మంచు కరగి ఊటలై, ఊటలు కూడి యొర్దానై, యొర్దాను ఈ సరస్సులో ప్రవేశించును. మన కాలమున ఆ హెర్మోను వాలులమీదను మంచు ఆట ఆడుచున్నారు. ప్రభువు కాలమున ఆ ఆట లేదు గాని ఆ మంచు కలదు. జనులు పచ్చికమీద కూర్చుండిరని మార్కు వ్రాసెను. పస్కా పండుగ సమీపమైయుండెనని యోహాను వ్రాసెను. కాబట్టి అది వసంతకాలము. సరస్సు ఒడ్డున పచ్చిక, దూరమున కొండ నెత్తిన ఇంకను కరగని మంచు. అట్టి దినమున వారి పడవ కదిలెను. వారు బేత్సయిదా అను ఊరివైపునకు పోయిరని లూకా తెలుపుచున్నాడు. ఆ పేరునకు చేపలు పట్టువారి ఇల్లని అర్థము.

1. రమ్మని పిలిచినవాడు ప్రభువే

ఈ ప్రయాణము ఎందుకు కలిగెను? సువార్తలు రెండు కారణములు చూపుచున్నవి. మొదటిది, పండ్రెండుమంది శిష్యులు ఇద్దరిద్దరుగా గ్రామములు తిరిగి, బోధించి, రోగులను బాగుచేసి, అలసి తిరిగివచ్చిరి. వచ్చువారును పోవువారును అంతమంది యుండినందున వారికి ముద్ద నోటబెట్టుకొనుటకైనను తీరిక లేకపోయెను. రెండవది, బాప్తిస్మమిచ్చు యోహాను తల కొట్టబడెనను వార్త అప్పుడే చేరెను. ఒక ప్రక్క అలసట, ఒక ప్రక్క దుఃఖము. అప్పుడు ప్రభువు, కొంచెము సేపు అలసట తీర్చుకొనుటకు వేరుగా పోదము రండని వారిని పిలిచెను.

గమనించుడి, శిష్యులు అడుగలేదు. అడుగుటకు వారికి ధైర్యము లేదేమో, తోచనే లేదేమో. ప్రభువు వారి ముఖములు చూచి తానే పిలిచెను. ఎన్ని ఊళ్లు తిరిగితిరి, ఎందరిని మార్చితిరి, లెక్క చెప్పిన పిమ్మట విశ్రాంతి ఇత్తునని ఆయన అనలేదు. వారు అలసియుండిరి, అదియే చాలిన కారణము. ఏలీయా ప్రాణము విసిగి చెట్టు క్రింద పడియున్నప్పుడును దేవుని దూత గద్దింపక, ముందు రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19).

మనలో ఒక పాత తలంపు వేరూనియున్నది: విశ్రాంతి దొరలది, పని మనది. ఇది ఊరకే వచ్చినది కాదు. వేసవి రాగానే తెలుగు దేశములోని మిషనెరీ దొరలు కొండ ఊళ్లకు పోవుట మన పూర్వులు చూచెడివారు. కొడైకెనాల్ అట్టి ఊరు. 1845లో మదురై ప్రాంతపు అమెరికా మిషనెరీలు అచ్చట మొదటి ఇండ్లు కట్టుకొనిరి. 1863లో లెవింజ్ దొర కట్ట వేయించి అచ్చటి సరస్సును ఏర్పరచెను. పరదేశమునుండి వచ్చి జ్వరములతోను ఎండలతోను నలిగిన వారికి ఆ చల్లదనము ప్రాణాధారమైయుండెను. వారిని తప్పు పట్టనక్కరలేదు. అయితే క్రింద ఎండలో నిలిచి సంఘములను కాచిన ఉపదేశకునికి, ఊరూర నడచిన బైబిలు స్త్రీకి, బంగళాలో పంకా లాగిన మనిషికి ఏ కొండ దొరికెను? సువార్తలో ప్రభువు విశ్రాంతికి పిలిచినది దొరలను కాదు. వలలు లాగి చేతులు కాయలు కాచిన జాలరులను పిలిచెను.

"అయ్యగారూ, ఒక్క దినము పని మానిన సాయంత్రము పొయ్యి వెలుగదు; మాకు విశ్రాంతి ఎక్కడిది?" అని మీలో కొందరు అడుగుదురు. ఇది నిజమైన ప్రశ్న. దీనికి తియ్యని మాటలు జవాబు కావు. ద్వితీయోపదేశకాండము 5:14 చదువుడి. అచ్చట విశ్రాంతి ఆజ్ఞ ముందు ఇంటి యజమానునికి ఇయ్యబడెను. నీవు విశ్రమించునట్లే నీ దాసుడును దాసియు విశ్రమించవలెను, నీ యెద్దును గాడిదయు విశ్రమించవలెనని దేవుడు వానికి ఆజ్ఞాపించుచున్నాడు. అనగా కూలివాని విశ్రాంతి కూలివాని బాధ్యత మాత్రమే కాదు, పని చేయించుకొనువాని బాధ్యత. అరణ్యములో ఆరవ దినమున మన్నా రెండంతలుగా కురిసెను. ఏడవ దినమున ఎవరును పస్తుండలేదు. విశ్రాంతి దినమునకు తిండి ముందుగా ఏర్పరచినవాడు మన దేవుడు. మిరప కోతకు, కంది కోతకు మనుష్యులను పిలుచు సహోదరులారా, పలకల పనిలోను ఇటుక బట్టీలలోను మేస్త్రీలుగా నున్న సహోదరులారా, మీ క్రింది వారానికి ఒక దినము ఊపిరి తీసుకొనుచున్నాడా? అతని ఆదివారపు గంజి అతని ఆరు దినముల కూలిలో ఇమిడియున్నదా? ఈ లెక్క దేవుడు అడుగును.

పని ఆగిన యెడల నష్టమని తలంచువారికి మన యొద్దనే ఒక పాఠము కలదు. అది కంభం చెరువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఆగకుండ పారినయెడల వాననీరు సముద్రము పాలగును, మన బీళ్లు బీళ్లుగానే యుండును. విజయనగర రాజుల కాలమున రెండు కొండల నడుమ 57 అడుగుల ఎత్తున కట్ట వేసిరి. కృష్ణదేవరాయల రాణియైన వరదరాజమ్మ దానిని కట్టించెనని చెప్పుదురు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దానిని ప్రపంచ వారసత్వ కట్టడములలో చేర్చుకొనెను. ఇన్ని వందల సంవత్సరములు వేలాది ఎకరములకు తడి అందించినది ఏది? నీళ్లను ఆపిన ఆ కట్టయే. ఆగిన నీరు వ్యర్థమైన నీరు కాదు. దేవుని సన్నిధిని ఆగిన దినము అట్టిదే. ఆరు దినముల పైరునకు తడి అక్కడ నిలువయుండును.

2. ఒడ్డున జనులు వేచియుండిరి

అయితే ఆ ప్రయాణము అనుకొన్నట్లు సాగలేదు. పడవ నీటిమీద పోవుచుండగా జనులు గుర్తించి, ఒడ్డు వెంబడి కాలినడకన పరుగెత్తి, వారికంటె ముందుగా ఆ స్థలము చేరిరి. పడవ దిగునప్పటికి ఏకాంతమునకు బదులు ఐదువేలమంది పురుషులు, వారుగాక స్త్రీలును పిల్లలును!

మనమైన యెడల ఏమి చేయుదుము? సెలవు పెట్టి, చార్జీ పెట్టుకొని పోయిన దినమున ఎవరైన సహాయమునకు వచ్చిన యెడల ముఖము ముడుచుకొందుము. శిష్యులును అట్లే, వీరిని పంపివేయుమనిరి. ప్రభువు వారిని చూచి కనికరపడెను. కాపరి లేని గొఱ్ఱెలవలె వారు ఆయనకు కనబడిరి.

ఇచ్చట ఒక చిన్న సంగతి గమనింపదగినది. రొట్టెలు ఎచ్చట కొందమని ప్రభువు ఫిలిప్పును అడిగెనని యోహాను వ్రాసెను (6:5). ఫిలిప్పునే ఎందుకు అడిగెను? అతడు బేత్సయిదా ఊరివాడు (యోహాను 1:44). ఆ చుట్టుప్రక్కల ఏ అంగడిలో ఏమి దొరకునో ఎరిగినవాడు. విశ్రాంతికి తన స్వంత ఊరిదిక్కు చేరిన ఫిలిప్పునకు, తన ఊరి వారి ఆకలియే మొదట ఎదురుపడెను. పట్టణమునుండి సెలవునకు వచ్చిన కుమారుడా, నీకును ఇట్లే యగును. నీ ఊరి ఆకలి నిన్నెరుగును. ఫిలిప్పు రెండువందల దేనారముల లెక్క చెప్పి నిలిచిపోయెను. ఒక చిన్నవాడు తన అయిదు రొట్టెలు, రెండు చేపలు తెచ్చి ఇచ్చెను. ఆ దినమున జరిగిన కార్యమునకు ఫిలిప్పు లెక్క చాలలేదు, ఆ చిన్నవాని మూట చాలెను.

మన గుండ్లకమ్మ ఒడ్డునను ఇట్టి దినము ఒకటి కలిగెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమున గొప్ప కరవు వచ్చెను. ఒంగోలు మిషనులో నున్న క్లౌ దొరగారు ఆకలిగొన్న జనులకు పని కల్పించుటకై బకింగ్‌హాము కాలువలో సుమారు మూడు మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొనిరి. వేలమంది అచ్చట కూలి చేసి ప్రాణము నిలుపుకొనిరి. పనివారు అలసట తీర్చుకొను వేళలలో ఉపదేశకులు వారి నడుమ కూర్చుండి ప్రభువు మాటలు చెప్పెడివారు. తిండికొరకు ఎవరును మతములోనికి రాకూడదని కరవు సహాయము జరిగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసిరి. పిదప 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద, కంభం చెరువు దాటి వచ్చు ఆ గుండ్లకమ్మలోనే, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతుల చొప్పున, ఆ బాప్తిస్మములిచ్చిరి. మనలో అనేకుల తాతముత్తాతల విశ్వాసమునకు ఆ కాలమే మొదలు. కూలి జనుల విశ్రాంతి వేళ ఖాళీ వేళ కాలేదు, విత్తు పడిన వేళ ఆయెను.

చెరువునకు కట్ట యున్నట్లే తూమును కలదు. కట్ట లేని చెరువులో నీరు నిలువదు. తూము తెరువని చెరువు క్రింద పైరు ఎండును. విశ్రాంతి తీసికొనని మనిషి ఎండిన చెరువు. విశ్రాంతి తనకే యుంచుకొన్న మనిషి తూము మూసిన చెరువు.

అయినను ప్రభువు ఆ దినపు విశ్రాంతిని శాశ్వతముగా విడిచిపెట్టలేదని మరువకుడి. జనులు తృప్తిగా తిన్న పిమ్మట ఆయన శిష్యులను పడవ ఎక్కించి, జనసమూహమును పంపివేసి, తాను ప్రార్థనకై కొండకు వెళ్లెను (మార్కు 6:46). పగలు పోయిన ఏకాంతమును రాత్రి తిరిగి తీసికొనెను. సేవ చేయుచు చేయుచు ఒడలు చెడగొట్టుకొనుటయే భక్తి యనుకొను సంఘ పెద్దలకును, పాస్టరు అయ్యగార్లకును, ముఖ్యముగా అమ్మగార్లకును ఈ వచనము మంచి మందు.

3. కొండ దిగవలెను

ఇక మంచు కొండ సంగతి. ప్రభువు రూపాంతరము పొందిన కొండ పేరు సువార్తలలో లేదు. తాబోరని కొందరు, హెర్మోనని కొందరు పండితులు తలంచుదురు. దానికి కొద్ది దినముల ముందు ప్రభువు హెర్మోను అడుగున నున్న ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతములో ఉండెను గనుక రెండవ తలంపునకు బలము కలదు. ఏ కొండయైనను పేతురునకు అది మిక్కిలి నచ్చెను. ఇచ్చటనే మూడు పర్ణశాలలు కట్టుకొందమనెను. విహారమునకు పోయినవారందరి మనస్సున ఈ మాటయే కలుగును: తిరిగి పోకుండిన బాగుండునుగదా!

ప్రభువు పేతురును కోపపడలేదు, వెంటబెట్టుకొని దిగెను. క్రింద ఒక తండ్రి వేచియుండెను. అతని ఒక్కగానొక్క కుమారుడు దయ్యముచేత విలవిలలాడుచుండెను. క్రింద నిలిచిన శిష్యులచేత కాలేదు. పైన ప్రకాశమును చూచినది ఎందుకో, క్రింద ఆ పిల్లవానియొద్ద తెలిసెను.

హెర్మోను మంచునే చూడుడి. అది శిఖరముననే గడ్డకట్టి నిలిచియుండినయెడల చూచువారికి అందమేగాని త్రాగువారికి నీరు కాదు. అది కరగి దిగుటచేతనే యొర్దాను పారును, సరస్సు నిండును, జాలరి వల నిండును. కాశ్మీరు చూచి వచ్చిన మన బిడ్డలకు నేను చెప్పునది ఇదే: మీరు చూచిన చల్లదనమును ఇంటికి దింపుడి. తిరిగి వచ్చిన సోమవారమున నీ నోట మాట చల్లగా ఉన్నదా? నీ భార్యతో, నీ క్రింది పనివానితో ముందుకంటె ఓర్పుగా నున్నావా? అట్లయిన నీ విశ్రాంతి దేవునివలన కలిగినది. అప్పుచేసి పోయి, వడ్డీ కట్టలేక ఇంటిలో కసరుకొనుచున్నయెడల అది విశ్రాంతి కాదు, మరియొక బరువు.

మనము చేయదగినది

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్న యొద్దకు వత్తము. "అక్కడ చలిగా ఉంటదా?" ఆ మాట క్రింద దాగిన మాట, నేనును ఒకసారి చూడవచ్చునా అనుట. తెల్లవారకముందే లేచి పొయ్యి ముట్టించి, పొలమునకు పోయి, సాయంత్రము మరల పొయ్యి యొద్దకు వచ్చు తల్లికి ఏడవ దినము సహా పని దినమే. ఆదివారము మనము గుడినుండి వచ్చునప్పటికి కూర సిద్ధముగా నుండవలెనందుము. ఆమె ఏ గడియ విశ్రమించెనో అడుగము. కుమారులు విహారమునకు పోవునప్పుడును తెల్లవారుజామున పులిహోర కట్టి ఇచ్చునది ఆమెయే, వెనుక ఉండిపోవునదియు ఆమెయే.

దీనికి కాశ్మీరు అక్కరలేదు. దొనకొండలో రైలెక్కినవాడు గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు దాటి కంభంలో దిగవచ్చును. వానలు బాగుగా కురిసి చెరువు నిండిన సంవత్సరమున, అలుగు పారు దినములలో, ఒక శనివారము మీ తల్లిని, తండ్రిని, ఊరు దాటని అత్తను, మేనమామను తోడుకొని పొండి. ఆ దినమున వంట కుమారులు చేయుడి. పొరుగున నున్న ముసలమ్మకు ఒక ముద్ద ముందుగా పంపి బయలుదేరుడి. అప్పు చేయకుడి. లోతు తెలియని నీటిలో పిల్లలను దిగనీయకుడి. కట్టమీద కూర్చుండి మార్కు 6వ అధ్యాయము పెద్దగా చదువుడి. ఎదుట నీరును కొండయు ఉండగా ఆ మాటలు వేరుగా వినబడును. ఆదివారపు ఆరాధనకు మరల మీ సంఘమునకు చేరుడి.

పోలేనివారు కలరు. మంచము పట్టినవారు, వారికి సేవ చేయువారు, చంటిపిల్లల తల్లులు, కాపలా పనివారు. వారికొరకు సంఘమేమి చేయగలదు? రోగిని కనిపెట్టుకొనియున్న కుమార్తె యొద్దకు ఒకరు పోయి, "అమ్మా, నేడు నేను కూర్చుందును, నీవు పోయి కొంచెము పండుకొనుము" అనవచ్చును. అదియును పడవయే, అదియును ఆవలి ఒడ్డే. మనలో ఎవరు ఆ మాట చెప్పినను, చెప్పినది ప్రభువే యగును. ఏలయనగా అలసినవారి ముఖము చూచి, వారు అడుగకమునుపే రమ్మని పిలుచుట ఆయన అలవాటు.

ప్రార్థన

అలసినవారిని ఎరిగిన ప్రభువా, ఎండలోను ధూళిలోను పనిచేయు మా జనులకు నీ విశ్రాంతి దయచేయుము. మేము విశ్రమించునప్పుడు విశ్రమింపలేనివారిని మరువకుండ చేయుము. పని చేయించుకొను మా చేతులకు న్యాయమును, మా ఇండ్లలోని తల్లులకు ఊరటను ఇమ్ము. కొండమీద నీవు చూపిన దానిని మా ఊరి వీధులలోనికి మోసికొని దిగు కృప మాకు అనుగ్రహించుము. ఆమేన్.